మడ అడవి, ఉప్పెన, మన పల్లె
(తీరం చరిత్రలో మనం – 6వ భాగం)

పోయిన భాగం చదివి ఒక తమ్ముడు ఇన్‌బాక్స్‌లో అడిగాడు: "అన్నా, భూమి గురించి రాశావు, నీళ్ల గురించి రాశావు, సరే. ఇప్పుడు మడ అడవులంటున్నావు. అది పర్యావరణం వాళ్ల గొడవ కదా. మనకేంటి?"

నాలుగు లైన్లలో జవాబు చెబుదామని మొదలుపెట్టాను. నా వల్ల కాలేదు. అందుకే ఇది.

మా అమ్మమ్మది దివిసీమ, నాగాయలంక వైపు. ఆమెకి సంవత్సరాలతో పని లేదు. "మీ పెద్ద మేనమామ ఉప్పెనకి ముందు పుట్టాడు, మీ అమ్మ పెళ్లి ఉప్పెనైన ఆరేళ్లకి" అని లెక్క చెప్పేది. మా ఇంట్లో క్రీస్తు శకం లేదు, ఉప్పెన శకమే ఉండేది. 1977 నవంబరు 19, శనివారం. కోతల రోజులు. పొద్దుటి నుంచీ ఈదురుగాలి. చేలో పని ఆపి ఇంటికొచ్చారు. పల్లెలో అన్నీ మట్టి గోడలు, తాటాకు కప్పులు. డాబా అనేది ఉంటే ఊళ్లోనే ఉండాలి. ఊరికీ పల్లెకీ మధ్య ఎంత దూరమో మీకు నేను కొలిచి చెప్పక్కర్లేదు. నీళ్లు వచ్చేసరికి ఆమె తుమ్మ చెట్టు ఎక్కి కొంగుతో తనని కొమ్మకి కట్టేసుకుంది. తెల్లారేదాకా అలాగే ఉంది. ఆమె చేతుల మీద ఆ ముళ్ల మచ్చల్ని మేం చిన్నప్పుడు వేళ్లతో తడిమి చూసేవాళ్లం. ఇద్దరు చెల్లెళ్లు దొరకలేదు.

ఆమె ఎప్పుడూ చెప్పే మాట ఇంకోటి ఉంది. "మడ దాపున ఉన్న ఇళ్లు కొన్ని మిగిలినయ్యిరా. అడవి కొట్టేసిన వైపు మాత్రం చీపురుతో ఊడ్చినట్టు పోయింది." నేను దాన్ని ముసలామె మాటగానే తీసుకున్నాను. కాలేజీలో చేరాక, నాలుగు పుస్తకాలు తిరగేశాక అర్థమైంది, ఆ మాట మీద పెద్ద పెద్ద పరిశోధనలే జరిగాయని.

ముందు ఉప్పెన గురించి. ఆ సాయంత్రం సముద్రం సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి కొన్ని చోట్ల 15, 20 కిలోమీటర్ల లోపలికి వచ్చింది. సొర్లగొంది, నాలి, హంసలదీవి లాంటి ఊళ్ల పేర్లు దేశమంతా తెలిసింది అప్పుడే. చనిపోయినవాళ్లు సుమారు 10,000 అని సర్కారు లెక్క. అంతకంటే చాలా ఎక్కువని జనం లెక్క. ఈ రెండు లెక్కలకీ ఎందుకు పొంతన లేదో ఎప్పుడైనా ఆలోచించారా? కోతల సీజను. పై ఊళ్ల నుంచి కూలికి వచ్చి చేల గట్ల మీద, కళ్లాల్లో పడుకున్నవాళ్ల పేర్లు ఆ ఊరి ఏ కాగితంలో ఉంటాయి? కుటుంబం మొత్తం కొట్టుకుపోతే ఫలానా మనిషి కనపడటం లేదని చెప్పడానికి ఎవరు మిగులుతారు?

పీటర్ వించెస్టర్ అని ఒక పరిశోధకుడు ఈ కృష్ణా డెల్టాలోనే పని చేసి 1992లో ఒక పుస్తకం వేశాడు. ఉప్పెన తర్వాత పదేళ్లలో ఎవరు మళ్లీ లేచారు, ఎవరు లేవలేకపోయారు అన్నది చూశాడు. గాలి అందరి మీదా ఒకేలా వీచింది. భూమి, పశువులు, గట్టి ఇల్లు, అప్పు పుట్టే పరపతి ఉన్నవాళ్లు లేచారు. లేనివాళ్లు వచ్చే తుఫానుకి ఇంకా బలహీనంగా తయారయ్యారు. మా అమ్మమ్మ చదవని పుస్తకం అది, కానీ అందులో ఉన్నది ఆమె కథే.

ఇక మడ అడవి సంగతి.

చూడనివాళ్ల కోసం రెండు మాటలు. నది సముద్రంలో కలిసేచోట, పోటుకి మునిగి పాటుకి తేలే బురదలో పెరిగే అడవి ఇది. తెల్లమడ, నల్లమడ, ఉప్పుపొన్న, తిల్ల. (తిల్ల పాలు కంట్లో పడితే కళ్లు పోతాయంటారు, దానితో జాగ్రత్త.) వేళ్లు కొన్ని బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొస్తాయి, కొన్ని కాళ్లు చాపినట్టు చుట్టూ దిగుతాయి. ఉప్పెన వచ్చినప్పుడు ఈ వేళ్లూ మొదళ్లూ కొమ్మలూ నీటి ఊపుని తింటాయి. మామూలు రోజుల్లో అలల కోతని ఆపి ఒండ్రుని పట్టుకుంటాయి. చేప పిల్లా, రొయ్య పిల్లా, మండపీతా పెరిగేది అక్కడే. మన రాష్ట్రంలో ఈ అడవి సుమారు 400 చదరపు కిలోమీటర్లు మిగిలింది. ఎక్కువ భాగం గోదావరి మొగల్లో కోరంగి చుట్టూ, తర్వాత కృష్ణా మొగల్లో.

అమ్మమ్మ మాట నిజమేనా? 1999లో ఒడిశాని సూపర్ సైక్లోన్ కొట్టింది. కేంద్రపడా జిల్లాలో 409 గ్రామాల లెక్కలు తీసి సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్ అనే ఆర్థికవేత్తలు 2009లో ఒక పరిశోధన ప్రచురించారు. ఊరికీ సముద్రానికీ మధ్య మడ ఎంత వెడల్పుగా ఉంటే ఆ ఊళ్లో చావులు అంత తక్కువ అని తేలింది. అదే పరిశోధనలో ఇంకో మాట ఉంది. మన పర్యావరణ మిత్రులు దాన్ని సాధారణంగా చెప్పరు. మడ కంటే ముందస్తు హెచ్చరిక ఎక్కువ ప్రాణాలు కాపాడింది. కాబట్టి మడ నాటేశాం, ఇక తుఫాను షెల్టరు అక్కర్లేదు, రోడ్డు అక్కర్లేదు అని ఎవరన్నా అంటే నమ్మకండి. మనకి రెండూ కావాలి. షెల్టరు ఎక్కడ కట్టారో కూడా చూడాలి, ఊళ్లోనా, పల్లెకి అందేచోటా అని.

కోరంగి పేరు ఎత్తాను కాబట్టి కొంచెం వెనక్కి వెళ్దాం. ఇప్పుడు టూరిస్టులు చెక్క వంతెన మీద నడిచి సెల్ఫీలు దిగే కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. ఓడలు కట్టేవాళ్లు, బాగుచేసేవాళ్లు. 1789లో ఒక ఉప్పెన, 1839 నవంబరులో ఇంకొకటి. రెండోదాని తర్వాత ఆ రేవు మళ్లీ ఆ స్థాయికి రాలేదు. కానీ పేరు మాత్రం సముద్రం దాటింది. ఈ తీరం నుంచి బర్మా వెళ్లిన తెలుగు కూలీలందర్నీ అక్కడ "కోరంగీలు" అన్నారు. రంగూన్ రేవులో మూటలు మోసింది, రిక్షాలు లాగింది, మిల్లుల్లో ఒళ్లు హూనం చేసుకుంది వాళ్లే. వాళ్లలో మన మాల, మాదిగ పల్లెల నుంచి పోయినవాళ్లు ఎందరో. 1930లో రంగూన్ అల్లర్లలో దెబ్బలు తిన్నదీ, 1942లో యుద్ధమప్పుడు కొండలూ అడవులూ నడిచి వెనక్కొచ్చిందీ వాళ్లే. ఒక ఊరి పేరు కూలికి మారుపేరు అయిపోయింది. ఇవాళ అదే పేరు ఒక అభయారణ్యానికి ఉంది. కోరంగి అభయారణ్యం ప్రకటించింది 1978లో, అంటే ఉప్పెన తర్వాత ఏడాదే. 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు.

అదే కాలంలో ధవళేశ్వరం ఆనకట్ట (1852), బెజవాడ ఆనకట్ట (1855) వచ్చాయి. కాటన్ దొరకి దండలు వేసే జిల్లాల వాళ్లం మనం, నాకూ ఆయన మీద కోపం లేదు. కానీ నీళ్లు పైన ఆగాక, ఆ తర్వాత పైపైన ఇంకా డ్యాములు కట్టాక, మొగలకి వచ్చే మంచినీరూ ఒండ్రూ తగ్గాయి. ఒండ్రు తగ్గితే తీరం కోసుకుపోతుంది, ఉప్పు పెరిగితే మడ గిడసబారుతుంది. పైన చేలు పండిన లాభం ఎవరిది, కింద తీరం కోసుకుపోయిన నష్టం ఎవరిది అన్నది మనం వేసుకోవాల్సిన లెక్క.

ఇక్కడ అసలు విషయానికి వస్తున్నాను. మడ అడవి ఎందుకు పోయింది?

నా చిన్నప్పుడు బళ్లో చెప్పింది, గోడల మీద రాసింది ఒకటే: పేదవాళ్లు వంటచెరకు కోసం కొట్టేశారు, గేదెల్ని తోలి మేపేశారు. నిజమే, మా వాళ్లు పుల్లలు తెచ్చుకున్నారు. దడి కట్టుకోవడానికి, ఇంటి కప్పుకి కొట్టుకున్నారు. నేను కాదనను. కానీ తలమోపుతో అడవి మొత్తం పోతుందా?

1990ల్లో ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు తమిళనాడులో పిచ్చావరం దగ్గర, తర్వాత మన కృష్ణా గోదావరి మొగల్లో ఈ ప్రశ్నకి బురదలో దిగి జవాబు వెతికారు. తెల్లవాళ్ల కాలం నుంచీ మడని కూపులుగా విడగొట్టి, వంతుల వారీగా ఒక్కో ముక్కని నేలమట్టం చేసి కలప అమ్మేవారు. దాన్ని "శాస్త్రీయ యాజమాన్యం" అనేవారు. మామూలు అడవిలో అయితే మళ్లీ మొలుస్తుంది. మడ నేలలో అది కుదరదు. చెట్టు నీడ పోయాక ఎండకి బురదలో తేమ ఇగిరిపోయి నేల కుంగుతుంది. కుంగిన నేల పళ్లెంలా మారుతుంది. పోటుకి వచ్చిన నీళ్లు పాటుకి తిరిగి పోవు. నిలిచిన నీళ్లు ఎండి ఉప్పు మిగులుతుంది. మళ్లీ పోటు, మళ్లీ ఉప్పు. చివరికి విత్తనం పడినా మొలవనంత ఉప్పు. ఆ చవిటి నేలని చూపించి ఇన్నేళ్లూ "మీ గేదెలు మేసేశాయి" అన్నారు.

జబ్బు ఏంటో తెలిశాక మందు కష్టం కాలేదు. పోటు నీళ్లు వచ్చి పోవడానికి దారి చెయ్యడమే. ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలువలు, అచ్చం చేప ముల్లులాగా. నీళ్లు రోజూ వచ్చి పోతుంటే ఉప్పు కడిగేస్తుంది. కాలువ ఒడ్డు వాలులో, మరీ మునగకుండా మరీ ఎండకుండా ఉండేచోట తెల్లమడ మొక్కలు పెడతారు. ఇంకో సంగతి, ఆ కాలువల్లోకి చేపా పీతా కూడా వస్తాయి. అంటే మొక్క చెట్టు కాకముందే జనానికి నాలుగు రూపాయలు.

ఆ పథకంలో పునరుద్ధరణ పని ఊరి కమిటీతో కలిసి చేశారు. వన సంరక్షణ సమితి అనో, ఇంకో పేరుతోనో. రూలు ప్రకారం ఇంటికి ఒక మగ, ఒక ఆడ సభ్యులు. పుల్లల బదులు పొయ్యిలు, పొదుపు సంఘాలకి అప్పులు, పీతలు పెంచి అమ్ముకోవడం లాంటివి జోడించారు. చెట్టు బతకాలంటే మనిషి బతకాలన్న ఆలోచన మంచిదే. దాన్ని నేను తక్కువ చెయ్యను. కృష్ణా గోదావరి మొగల్లో ఆ కాలువల వెంట లేచిన అడవిని మీరు వెళ్లి చూడొచ్చు.

నేను వెళ్లాను. ఏ ఊరో రాయను, అక్కడివాళ్లకి ఇబ్బంది. పడవ మీద కాలువలోకి పోతుంటే రెండు పక్కలా మనిషికి మించిన ఎత్తున చెట్లు. నాకు నిజంగా సంతోషం వేసింది. తిరిగొచ్చాక ఊరి చివర యానాదుల గుడిసెల దగ్గర ఆగాను. బురదలో చెయ్యి పెట్టి కలుగులోంచి మండపీతని తీసే విద్య వాళ్లది. వల లేదు, పడవ లేదు, చెయ్యే సాధనం. ఒకామె పీతల డెక్కలు కడుతూ చెప్పింది: "ఆ కాలువ తవ్వింది మేమే సారూ, మా ఆయనా నేనూ. మాలపల్లె వాళ్లు కూడా వచ్చారు. ఇప్పుడు లోపలికి పోతే అడుగుతారు, ఎవరివని." కమిటీలో ఉన్నారా అని అడిగాను. ఆమె నవ్వి ఊరి వైపు చెయ్యి చూపించింది. కమిటీ పుస్తకంలో వాళ్ల ఇళ్లు ఉన్నాయో లేవో ఆమెకి తెలియదు. ఎప్పుడో ఒకసారి వేలిముద్ర వేసిందట.

"స్థానికుల జీవనోపాధి" అనే మాట ప్రతి పథకం కాగితంలోనూ ఉంటుంది. ఎవరు స్థానికులు? తీరం ఊరంటే అందరికీ గుర్తొచ్చేది పడవ ఉన్న మత్స్యకారుడు. అతను కూడా పేదవాడే, అతనితో మనకి తగువు లేదు, అతని వల కూడా ఖాళీ అవుతోంది. కానీ పడవ లేని యానాది, భూమి లేని మాల మాదిగ కూలీ, రేవులో చేపల గంపలు మోసే ఆడమనిషి, వీళ్లు లెక్కలో ఎక్కడ? 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత నాగపట్టణంలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. సాయం పడవలూ వలలూ పోయినవాళ్లకి మొదలైంది. పడవే లేని దళితులకి పోయింది ఏమీ లేదన్నట్టు చాలాచోట్ల జాబితాల్లోంచి తప్పించారు. శిబిరాల్లో వేరుగా కూర్చోబెట్టారు. మన దళిత సంఘాలు తిరిగి తిరిగి రిపోర్టులు రాస్తే కొంత బయటికి వచ్చింది.

నాగపట్టణం అన్నాను కాబట్టి రొయ్యల సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. 1968 డిసెంబరు 25 రాత్రి ఆ జిల్లాలోనే కీళ్వేణ్మణిలో 44 మంది దళితుల్ని గుడిసెలో పెట్టి తగలబెట్టారు. ఆ తర్వాత అక్కడికి వచ్చి పనిచేసిన మనిషి కృష్ణమ్మాళ్ జగన్నాథన్, దళిత కుటుంబంలో పుట్టినామె. 1981లో లాఫ్టి అనే సంస్థ పెట్టి భూస్వాముల భూమిని భూమిలేని దళిత ఆడవాళ్ల పేర రాయించింది. అలా సంపాదించిన పొలాల చుట్టూ 1990ల్లో రొయ్యల చెరువులు వచ్చాయి. ఉప్పునీళ్లు చేలోకి, తాగే బావిలోకి దిగాయి. ఆమె, ఆమె భర్త జగన్నాథన్ మళ్లీ రోడ్డెక్కారు. జగన్నాథన్ పేరు మీదే సుప్రీం కోర్టులో కేసు. 1996 డిసెంబరు 11న తీర్పు వచ్చింది: తీర నియంత్రణ పరిధిలో ఉన్న రొయ్యల చెరువులు తీసెయ్యాలి, సాంప్రదాయ పద్ధతివి మినహా. మడ అడవుల్నీ, వ్యవసాయ భూముల్నీ, ఊరి ఉమ్మడి భూముల్నీ చెరువులుగా మార్చకూడదు.

మన పాఠ్య పుస్తకాల్లో పర్యావరణ ఉద్యమం అంటే చిప్కో ఉంటుంది. ఈ తీర్పు వెనక ఒక దళిత ఆడమనిషి పోరాటం ఉందని ఎవరు చెప్పారు మీకు?

ఆ తీర్పు ప్రకారం చెరువులు పోలేదు. 2005లో పార్లమెంటు తీర జలకృషి అథారిటీ చట్టం చేసి ఆ చెరువులకి కొత్త ఊపిరి పోసింది. మన దగ్గర చెరువులు ఎలా పెరిగాయో మీ కళ్లతో చూశారు. టైగర్ రొయ్య పోయి వనామి వచ్చింది. ఆ చెరువుల్లో కొన్ని ఎవరి భూములు? మన వాళ్లకి డి-ఫారం పట్టా ఇచ్చిన తీరం భూములు. అసైన్డ్ భూమి అమ్మకూడదు, కొనకూడదు అని చట్టం వచ్చింది, అదీ 1977లోనే. అందుకని అమ్మరు. కౌలు అంటారు. పట్టా మన పేరు మీద, చెరువు ఇంకొకరిది. మనం ఆ చెరువు గట్టు మీద కాపలా కూలీలం. పక్క చేను కూడా చవిటి అవుతుంది, అప్పుడు దానికీ కౌలు కాగితం వస్తుంది. పల్లె బోరులో నీళ్లు ఉప్పగా మారితే ట్యాంకరు కోసం బిందెలు పెట్టుకుని కూర్చోవాలి. కారంచేడులో 1985లో గొడవ మొదలైంది కూడా తాగే నీళ్ల చెరువు దగ్గరే అని మర్చిపోవద్దు.

ఇప్పుడు కొంచెం ఇబ్బందైన విషయం. 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర మడ అడవి కొట్టి పేదల ఇళ్ల స్థలాలకి చదును చేశారు. కేసులు పడ్డాయి, గ్రీన్ ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. అప్పుడు మనలో కొందరు, నాకు బాగా దగ్గరివాళ్లే, "పేదోడికి ఇల్లు వస్తుంటే అడ్డుపడే అగ్రకుల పర్యావరణవాదులు" అని పోస్టులు పెట్టారు. నాకూ ఆ కోపం తెలుసు. సెంటు జాగా కోసం మా నాన్న ఎన్ని ఆఫీసుల మెట్లెక్కాడో నాకు గుర్తుంది. కానీ నేను ఆ పోస్టు షేర్ చెయ్యలేదు. ఊరి నడిమధ్య భూమి దొరకదు, గట్టి నేల దొరకదు, ఉప్పెన వచ్చే బురద మాత్రం పేదోడికి దొరుకుతుంది. ఉప్పెనకి అడ్డంగా ఉన్న చెట్లని కొట్టి, అవి నిలబడ్డచోట మనల్ని నిలబెడతారు. అది ఇల్లా? అలాగని కోర్టుకి వెళ్లినవాళ్లు "ఈ పేదలకి గట్టి నేల మీద ఫలానా చోట ఇవ్వండి" అని కూడా అంతే గట్టిగా అడగాలి కదా. అడవి గురించి మాట్లాడేవాళ్లూ ఇంటి గురించి మాట్లాడేవాళ్లూ వేరు వేరుగా ఉన్నంతకాలం ఈ రెండింటి మధ్య మనల్నే నలుపుతారు.

2023 బడ్జెట్‌లో కేంద్రం "మిష్టీ" అని ఒక పథకం ప్రకటించింది. తీర రాష్ట్రాల్లో ఐదేళ్లలో 540 చదరపు కిలోమీటర్ల మడ పెంచడం, పునరుద్ధరించడం లక్ష్యం. ఉపాధి హామీ నిధుల్నీ, అడవికి బదులు కట్టే పరిహార నిధుల్నీ కలిపి చేస్తామన్నారు. తీరం జిల్లాల్లో చదువుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ వైపు ఈ పని మొదలైతే వెళ్లి చూడండి. ఉపాధి హామీ మస్టరులో పేర్లు ఎవరివి, కమిటీ పుస్తకంలో పేర్లు ఎవరివి, ఆ రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టండి. కాలువ తవ్వినవాళ్లకి ఆ కాలువలో పీత పట్టుకునే హక్కు కాగితం మీద ఉందా చూడండి. తీర్మానం జరిగిన గ్రామసభకి పల్లె నుంచి, యానాది గూడెం నుంచి ఎందరు వచ్చారో సంతకాలు లెక్కపెట్టండి. 2006 అటవీ హక్కుల చట్టం కింద యానాదులకి మడ అడవిలో సామూహిక హక్కు అడిగే వీలుంది, ఆ దరఖాస్తు ఎవరన్నా పెట్టారా కనుక్కోండి. సమాచార హక్కు దరఖాస్తు నమూనా కావాలంటే ఇన్‌బాక్స్‌కి రండి, నేను వాడినది పంపిస్తాను.

మా అమ్మమ్మ పోయి తొమ్మిదేళ్లు. ఆమె చెల్లెళ్ల పేర్లు ఏ జాబితాలో ఉన్నాయో చూద్దామని చాలాసార్లు అనుకున్నాను. అవనిగడ్డలో ఉప్పెన స్మారక స్తూపం దగ్గరికి కూడా వెళ్లాను. మీ ఇళ్లలో ఉప్పెన చూసిన పెద్దవాళ్లు ఎవరన్నా ఉంటే, పేర్లు, పల్లె పేరు, ఎవరు పోయారు, ఎలా బయటపడ్డారు, ఫోన్‌లో రికార్డు చేసి నాకు పంపండి. ఆ వయసు వాళ్లు ఇక ఎక్కువమంది లేరు.

వచ్చే భాగం శ్రీహరికోట గురించి. రాకెట్లు ఎగరకముందు ఆ దీవిలో ఉన్న యానాదులు ఇప్పుడు ఎక్కడున్నారో రాస్తాను.

జై భీమ్.